ఫిల్ములో పడని దెబ్బ

ఎమ్మారై గదిలో కొత్తగా ఉద్యోగానికి చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నెమ్మదిగా, మర్యాదగా మొదలుపెట్టాలనుకున్నాను గానీ కుదరడం లేదు. ఈ మధ్య మా బంధువు ఒకాయన భుజానికి స్కానింగు తీయించుకోవడానికి బెజవాడ వెళ్తే తోడు వెళ్ళాను. మాకంటే ముందు ఒక తాపీ మేస్త్రి మోకాలి స్కానింగు పూర్తిచేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ బయటికి వచ్చాడు. కౌంటరు దగ్గర కుర్రాడు తలైనా ఎత్తకుండా కవరు చేతికిచ్చి, "అంతా నార్మలే. ఏమీ లేదు. పనికి వెళ్ళిపోవచ్చు" అన్నాడు.

"మరి నొప్పి ఎందుకొస్తుందండీ?" అని అడిగాడు మేస్త్రి.

"అది మీ ఫీలింగు" అన్నాడు కుర్రాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫీలింగట! రోజంతా గోడల మీద నిలబడి ఇటుకలు పేర్చేవాడికి మోకాలి నొప్పి ఫీలింగట! "ఏ బొమ్మలు తీశావు నాయనా? కొవ్వు వెలుగును అణిచి తీసిన బొమ్మ ఉందా అందులో?" అని అడిగాను. "మీరెవరండీ?" అన్నాడు. ఎవరినో చెబుతాను, వినండి.

నేను ఎముకల బొమ్మలు తీసి బతికినవాణ్ణి. ఎనభైలలో నూజివీడులో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాను. తర్వాత బెజవాడలో ఎమ్మారై మెషీను మీద చేసి రిటైరయ్యాను. ఎవరు ఎప్పుడు ప్రమోషన్ ఇచ్చారో, ఎవరు ఆపారో మీకు అనవసరం. ఒక్క మామిడి కాపులో జరిగిన సంగతి చెబుతాను. ఈ పనిలో తెలుసుకోవలసినది నాకు అందులోనే తెలిసింది.

తోట న్యాయం

వేసవి వచ్చిందంటే మా ఆసుపత్రికి పడ్డవాళ్ళు వచ్చేవారు. ఆగిరిపల్లి నుంచి, ఇటు చింతలపూడి వైపు నుంచి, ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి తీసుకొచ్చేవారు. మామిడి కొమ్మ చూడ్డానికి లావుగా ఉంటుంది, కాలు పెడితే పెళుక్కున విరుగుతుంది. పెద్ద చెట్ల చిటారు కాయకి వల కట్టిన చిక్కపు గెడ అందదు కాబట్టి మనిషి ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్ళలో ఎవరో ఒకరు పడాల్సిందే.

పడ్డవాడి విషయంలో ఆ తోటల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎముక విరిగితే కాపు అయ్యేదాకా కౌలుదారు ఆ ఇంటికి బియ్యం పంపాలి. విరగకపోతే మర్నాడు పనిలోకి రావాలి. నేను ఉద్యోగంలో చేరకముందు విరిగిందో లేదో ఊళ్ళో కట్టు కట్టేవాడు చేత్తో తడిమి చెప్పేవాడట. నేను చేరేసరికి ఆ పెద్దరికం ఎక్స్‌రేకి వచ్చింది. కూలీల మీద ఉండే తోట మేస్త్రి ఫిల్ము పట్టుకెళ్ళి, పాక ముందు అందరూ చూస్తుండగా ఎండకు పట్టేవాడు. గీత ఉంటే బియ్యం, గీత లేకపోతే చెట్టు. అప్పీలు లేదు.

నేను కడిగి ఆరబెట్టిన ఫిల్ము తోటలో జడ్జీ అయి కూర్చుంటోందని తెలిసినప్పుడు మొదట కాస్త గర్వపడ్డాను. ఆ గర్వం ఎక్కువకాలం నిలవలేదు.

అయస్కాంతం

నా చదువు స్కూలు ఫైనలూ, దాని మీద టెక్నీషియన్ కోర్సూ. మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వం ఉంది. ఊళ్ళో గ్రంథాలయంలో సైన్సు పుస్తకాలన్నీ అట్టల దగ్గర్నుంచి చదివేశాక, సెలవురోజుల్లో బస్సెక్కి బెజవాడలో ఒక వైద్య గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ నాకు సభ్యత్వం లేదు. లైబ్రేరియన్ గారు మాత్రం, "చదువుకుంటానని వచ్చినవాణ్ణి గెంటితే నాకీ కుర్చీ ఎందుకయ్యా?" అని కిటికీ పక్క బల్ల చూపించేవారు. పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి సగం మాటలు అందులో వెతుక్కుంటూ చదివేవాణ్ణి.

ఎనభైల చివర్లో అక్కడే ఎమ్మారై అనే ఆ కొత్త మెషీను గురించి చదివాను. మనిషిని పెద్ద అయస్కాంతం లోపల పడుకోబెడతారు. మన ఒంట్లో నీళ్ళూ కొవ్వూ ఉన్నాయి కదా, ఆ రెండింటిలోనూ ఉండే హైడ్రోజన్ని రేడియో తరంగాలతో కదిలిస్తే అది తిరిగి సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాలతో బొమ్మ కడతారు. ఎక్స్‌రే ఎముక గోడను చూపిస్తుంది. ఇది గోడ లోపలి మూలుగను చూపిస్తుంది. మూలుగలో కొవ్వు ఎక్కువ కాబట్టి ఒకరకం బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. ఎముక లోపల చిట్లితే ఆ తెలుపులో నల్లటి చార పడుతుంది, గోడ మీద గీత లేకపోయినా సరే!

ఆ రోజు బస్సులో కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు మా డాక్టరు గారికి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఎముకల డాక్టరు, చేయి మంచిదని పేరున్నవారు. నవ్వుతూ విని, "మాకూ కాన్ఫరెన్సుల్లో చెబుతున్నారులే. మన ఆసుపత్రిలో కరెంటు ఉన్నప్పుడు వోల్టేజి ఉండదు, నీ అయస్కాంతం దేంతో తిప్పుతావయ్యా?" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు అయస్కాంతం. "ఏమోయ్ అయస్కాంతం, ఫిల్ము ఆరిందా?" అనేవారు. నర్సులు కూడా అదే పేరు పట్టుకున్నారు.

ఎండకు పట్టిన ఫిల్ము

ఆ కాపులోనే ఏడుకొండలు పడ్డాడు. యాభై దాటినవాడు, చిన్నప్పటినుంచీ కాయ కోసినవాడు. చిన్న రసాల చెట్టు కొమ్మ విరిగి, తుంటి మీద పడ్డాడు. వెంట భార్య మంగమ్మ, తోట మేస్త్రి వచ్చారు.

"ఎక్కడ నొప్పి?" అని అడిగారు డాక్టరు గారు.

"గజ్జలో బాబూ. కాలు లోపలికి తిప్పితే పేణం పోతంది."

డాక్టరు గారు పాదం పట్టుకుని కొంచెం తిప్పారు. ఏడుకొండలు వేసిన కేక డార్క్ రూమ్‌లో ఉన్న నాకు వినబడింది.

ముందు నుంచి ఒక ఫిల్ము, పక్క నుంచి ఒక ఫిల్ము తీశాను. భూతద్దం పెట్టుకుని డాక్టరు గారూ నేనూ చూశాం. తుంటి ఎముక మెడ దగ్గర గోడ నున్నగా, సవ్యంగా ఉంది. గీత లేదు. డాక్టరు గారు చీటీ మీద "ఎముకకు దెబ్బ లేదు" అని రాసి, నొప్పి బిళ్ళలిచ్చి, "కాలు మీద బరువు వెయ్యకు, తగ్గకపోతే కొన్నాళ్ళాగి మళ్ళీ తీద్దాం" అని నోటితో చెప్పారు. మేస్త్రి ఆరీ ఆరని ఫిల్మునూ చీటీనూ తీసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక ఉండబట్టలేక, "అంత కేక పెట్టాడు కదండీ, లోపల పగిలి ఉండొచ్చేమో" అన్నాను.

"ఉండొచ్చేమో ఏంటి, ఉండే ఉంటుంది. నాకు తెలియదనుకున్నావా?" అన్నారు ఆయన.

"మరి ఆ మాట రాయొచ్చు కదండీ."

"కనబడంది రాస్తే రేపటినుంచి తోటలన్నీ నా గుమ్మంలోనే ఉంటాయి. కనబడిందే రాస్తానయ్యా నేను."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటకు నా ఒళ్ళు మండుతుంది. కనబడిందే రాశారా? ఆయనకు కనబడింది ఒక ఫిల్ము. అందులో పగులు కనబడలేదు. "ఈ ఫిల్ములో కనబడలేదు, నొప్పి మాత్రం ఉంది, నడవకూడదు" అని రాస్తే అది నిజం. "దెబ్బ లేదు" అన్నది ఆయన చూసింది కాదు. తెలియక పొరపాటు చేసేవాణ్ణి నేను క్షమిస్తాను. తెలిసి, గొడవెందుకని మాటను మధ్యలో కోసేసినవాణ్ణి మాత్రం క్షమించలేకపోయాను. మంచివారే, నాకు ఉపకారాలు చేసినవారే. అయినా అంతే.

కొద్ది రోజులకే మంగమ్మ ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. "ఎక్స్‌రే బాబూ, అందరి ముందూ నీ ఫిల్ము ఎండకెట్టి సూశారు. గీత లేదన్నారు. దొంగ నొప్పంట. నిచ్చెనెక్కిత్తన్నారు. నువ్వొచ్చి ఒక్క మాట సెప్పు బాబూ" అంది.

ఆదివారం సైకిలేసుకుని ఆగిరిపల్లి దగ్గర ఆ తోటకు వెళ్ళాను.

రాలుకాయల గంప

పాక నీడలో మంగమ్మా, ఇంకొందరు ఆడవాళ్ళూ కాయ ఏరుతున్నారు. తొడిమతో కోసిన కాయ గడ్డి పరిచిన గంపల్లోకి వెళుతోంది, అవి హైదరాబాదు లారీకి ఎక్కేవి. నేల రాలిన కాయను వేరే కుప్ప వేస్తున్నారు, అది సంతకి. కొంచెం దూరంలో నిచ్చెన మీద ఏడుకొండలు చిక్కం పట్టుకుని నిలబడ్డాడు. బరువంతా ఒక కాలి మీదే వేసి, రెండో కాలు మునివేళ్ళ మీద ఆనించాడు. ఆ నిలబడ్డ తీరు చూస్తే చాలు, ఏ ఫిల్మూ అక్కర్లేదు.

కౌలుదారు రాఘవులు గారు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "రండి రండి, ఎక్స్‌రే గారూ. రసం కాయ తిందురుగాని" అన్నాడు.

"కాయ తర్వాతండీ. ముందు ఆయన్ని దింపండి. తుంటి లోపల పగిలి ఉంటుంది. నిలబడేకొద్దీ జారుతుంది. జారిందంటే కాలు పనికిరాకుండా పోతుంది" అన్నాను.

"పగులు మీకు కనబడిందా?"

"ఫిల్ములో కనబడలేదండీ. ఒక్కోసారి మొదట్లో కనబడదు."

"డాక్టరు గారు లేదని రాశారా?"

"రాశారు."

"మరి మీకు కనబడక, డాక్టరు గారికి కనబడక, నాకేం దివ్యదృష్టి ఉందా అండీ?" అని నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. "వీడికొక్కడికి బియ్యం పంపితే రేపు తోటంతా తుంటి పట్టుకుంటుంది. కాపు మీదుంది, గాలి దుమారం వచ్చిందంటే నా కొంప కొల్లేరే."

నేను ఆ కొత్త మెషీను గురించి చెప్పడం మొదలుపెట్టాను. మూలుగ, నీళ్ళు, నల్ల చార. నా మాట నాకే గాల్లో పోతున్నట్టు అనిపించింది. "ఆ మెషీను వచ్చినప్పుడు చూద్దాం లెండి" అన్నాడు రాఘవులు గారు, కాయ ముందుకు జరుపుతూ.

అప్పుడు లేచింది మంగమ్మ. రాలుకాయల కుప్పలోంచి ఒక కాయ తీసుకుని, పాక బయటికి వచ్చి, మేస్త్రి ఫిల్ము పట్టుకున్నట్టే రెండు చేతులతో ఎండకు పట్టింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి దెబ్బ లేదు" అని, తీసుకెళ్ళి హైదరాబాదు గంపలో పెట్టింది.

పక్కనున్న ముసలమ్మ కూడా ఒకటి తీసింది. "దీనిక్కూడా లేదే మంగా" అని గంపలో వేసింది. ఇంకొకామె చెంగు నిండా తెచ్చి ఒంపింది.

రాఘవులు గారు మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు. "ఏయ్ మంగమ్మా! మతి పోయిందా? అవి రాలుకాయలే! గంప గంపంతా కుళ్ళిపోద్ది!"

"ఎక్కడ కుళ్ళిందయ్యగారూ? మచ్చ చూపెట్టండి. మేత్రీ, నువ్వు రా, నీ కళ్ళజోడు పెట్టుకుని సూడు. తోలు నున్నగా లేదా?"

"పైకి కనబడదే! లోపల దెబ్బ తగిలుంటది. నాలుగు రోజులు పోతే నల్లబడతది. ఇన్నేళ్ళు కాయ ఏరావు, నీకు తెలీదా?"

"నాకు తెలుసు. తమరికీ తెలుసన్నమాట" అంది మంగమ్మ. "చెట్టు మీంచి నేల మీద పడ్డ కాయకి, చూడకుండానే లోపల దెబ్బుందని వేరే కుప్పేత్తారు. మా ఆయన అదే చెట్టు మీంచి పడ్డాడు గందా. ఆయన్ని ఏ గంపలో ఏశారయ్యగారూ?"

గంపల కోసం వచ్చి నిలబడ్డ లారీ డ్రైవరు బీడీ పారేసి, "బాగా అడిగావమ్మా" అన్నాడు. ముసలమ్మ ఇంకో కాయ తీసి ఎండకు పట్టింది. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిందంతా కలిపినా ఆ వాదన నాకు తట్టలేదు, తట్టేది కాదు.

రాఘవులు గారి ముఖం మాడిపోయింది. గంపల వంక చూశాడు, లారీ వంక చూశాడు. చివరికి, "ఒరేయ్ ఏడుకొండలూ, దిగరా. ఇంటికి పో. బియ్యం పంపుతాను. మీరు ముందు ఆ కాయలు తియ్యండే!" అని అరిచాడు.

ఏడుకొండలు చిక్కం కిందికి జారవిడిచి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని దిగుతున్నాడు. నేను పరిగెత్తాను. నేను చేరేలోపే ఆఖరి మెట్టు మీంచి నేల మీద పెట్టకూడని కాలు పెట్టాడు. బరువు దాని మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. మనిషి అలాగే కూలబడ్డాడు. పాదం బయటి వైపుకు తిరిగిపోయింది.

రెండో ఫిల్ము

ఈసారి భూతద్దం అక్కర్లేకపోయింది. తుంటి మెడ రెండై, ముక్క పైకి జారిపోయింది. డాక్టరు గారు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మొదటి రోజే పగిలిందయ్యా" అన్నారు నాతో మెల్లగా. కాగితం మీద మాత్రం "నిచ్చెన దిగుతూ పడినందువల్ల ఎముక విరిగింది" అని రాశారు. అంటే, కాగితాల ప్రకారం చెట్టు మీంచి పడినప్పుడు ఏడుకొండలుకు ఇప్పటికీ ఏమీ కాలేదు!

గుంటూరు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి మేకులు వేశారు. కానీ ముక్క జారినప్పుడే రక్తనాళాలు తెగిపోయాయి. గిన్నెలో తిరగాల్సిన ఎముక తల చచ్చి, అణిగిపోయింది. కాలు పొట్టిదైంది, కర్ర వచ్చింది. రాఘవులు గారు బియ్యం పంపాడు, మాట తప్పలేదు. కాపు అయ్యాక ఆగిపోయాయి. కట్టుబాటు అంతవరకే కదా.

మొదటి రోజే మంచం మీద ఉంచితే, జారకముందే మేకులు వేస్తే, ఆ మనిషి మళ్ళీ చెట్టెక్కకపోయినా కర్ర లేకుండా నడిచేవాడేమో. ఆ అవకాశాన్ని నాశనం చేసింది చెట్టు కాదు, కొమ్మ కాదు.

మీ చేతిలో ఉన్న మెషీను

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, పడ్డ మనిషి గజ్జ నొప్పి అంటే, ఈ రోజు మీకు రెండు రకాల బొమ్మలు చాలు. ఒకటి మూలుగ కొవ్వు తెల్లగా కనిపించేది. రెండోది ఆ కొవ్వు వెలుగును అణిచేసి, నీరు చేరినచోటు మాత్రమే మెరిసేలా చేసేది. మొదటిదాంట్లో నల్ల చార, రెండోదాంట్లో దాని చుట్టూ తెల్లటి వాపు కనబడతాయి. కటి ప్రాంతం మొత్తాన్ని ఈ రెండు రకాలుగా తీయడానికి ఒక కాఫీ తాగేంత సేపు చాలు. అంత తేలిక! అయినా ఎన్నిచోట్ల తీస్తున్నారు? తుంటి నొప్పి అని వస్తే నడుం తీసి పంపిస్తున్నారు, ఎందుకంటే మెషీనులో ఆ ప్రోగ్రాము పైనే ఉంది, వేలు దానిమీదే పడుతుంది.

మెషీను అందించే మెళకువలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పల్చటి పొరలుగా తీసి ఏ కోణంలోనైనా తిప్పి చూసుకోవచ్చు. మృదులాస్థి, అంటే కీలులో ఎముకల కొనల మీదుండే ఆ నున్నటి పూత, అరగకముందే అందులో నీటి తీరు మారడాన్ని రంగుల్లో చూపించవచ్చు. కీలులోకి మందు ఎక్కించి చిన్న చిరుగును వెతకవచ్చు. ఒంట్లో మేకులూ పలకలూ ఉంటే చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది, దాన్ని తగ్గించే పద్ధతులూ వచ్చాయి. లోహం దగ్గర కొవ్వును అణిచే పద్ధతి ఒకటి పనిచేయదు, ఇంకొకటి పనిచేస్తుంది. ఏది ఎప్పుడో మీకు తెలియాలి. తెలియకపోతే చదవండి. నాకు సభ్యత్వమే లేదు, మీకు జేబులోనే లైబ్రరీ ఉంది. సాకు చెప్పకండి.

ఇవన్నీ ఉండి కూడా మీరు చేయగలిగిన అన్యాయం ఒకటుంది. ఏ బొమ్మలు తీయలేదో చెప్పకుండా "నార్మల్" అనడం. మనిషి కదిలి బొమ్మ మసకైతే మళ్ళీ తీయకుండా "ఏమీ లేదు" అనడం. ఎమ్మారైలోనూ కనబడని నొప్పులున్నాయి. రేపు ఇంకో మెషీను వస్తుంది, దానికీ కనబడనివి ఉంటాయి. బల్ల మీద పడుకోబెట్టకముందు ఆ మనిషిని అడగండి: ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే? చెప్పింది రిపోర్టు రాసే డాక్టరుకి చేరవేయండి. అది మీ పని కాదని ఎవరైనా అంటే వాళ్ళకు మీ పని తెలియదు.

మరుసటి ఏడాది ఏడుకొండలు తుంటి ఫిల్ముకి వచ్చాడు. అప్పటికే బెజవాడ గ్రంథాలయంలో నాకు మరో పత్రిక దొరికింది. అందులో ఉన్నది అచ్చం ఇలాంటి తుంటే, ఎక్స్‌రేలో శుభ్రంగా ఉండి అయస్కాంతం బొమ్మలో నల్లగా చార పడినది. ఫిల్ము ఆరేలోగా ఆ సంగతంతా ఆయనకు చెప్పాను, బల్ల మీద సుద్దముక్కతో గీసి మరీ చూపించాను. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అయితే బాబూ, ఆ మిషను ఉంటే పడ్డ రోజే తెలిసేదంటారు."

"తెలిసేదయ్యా. ఆ రోజే తెలిసేది."

ఏడుకొండలు సుద్ద గీత వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"నాకు ఆ రోజే తెలుసు గందండీ" అన్నాడు.